ఇద్దరూ చూసి ఖాళీ అనాలి

కటింగు మిషన్లు కూడా ఇప్పుడు నల్ల ప్లాస్టిక్ పెట్టెల్లో వస్తున్నాయి. రెండు గొళ్లేలూ విప్పి మూత ఎత్తితే లోపల మిషను ఆకారానికే కోసిన స్పాంజి, దానిలోంచి కొత్త ప్లాస్టిక్కూ పల్చటి నూనే కలిసిన వాసన. పిడి కిందినుంచి బ్యాటరీ తోస్తే టక్కుమని కూర్చుంటుంది. నిన్న పొద్దున బాగేపల్లిలో, నా హార్డ్‌వేరు అంగడిలో, ఒక కాంట్రాక్టరు ముందు ఆ మూత ఎత్తి, ఆ టక్కు వినగానే నాకు ఒళ్లు మండింది. ఆయన ఇంకా ధర కూడా అడగలేదు. "ఏమప్పా, నేనింకా బేరమే ఎత్తలా, అప్పుడే మొహం అట్ల మాడ్చుకొంటివి?" అన్నాడు. బేరానికి మొహం మాడ్చడం నాకు పుట్టుకతో వచ్చిన విద్యే కాని, ఈసారి అది నాటకం కాదు. ఆ వాసనా ఆ చప్పుడూ నన్ను చిక్కబళ్ళాపురలో కమలమ్మగారి తుపాకుల అంగడికి తీసుకుపోయాయి. కోపపడటం ఎట్లాగో నేను అక్కడే నేర్చుకున్నాను. అంతకుముందు నాకున్నది ఉక్రోషం మాత్రమే, బేరం చెడినప్పుడు వచ్చేది.

మాది పాత్రల అంగడి. ఇత్తడి బిందెల మధ్య పాకినవాణ్ణి. మా వీధిలో ఎడమపక్క బట్టలు, కుడిపక్క బెల్లం, ఎదురుగా గాజులు. అంగళ్ల మధ్య పెరిగినవాడికి అబద్ధం చెప్పడం రాకపోవచ్చు కాని, నిజాన్ని ఎక్కడ ఆపాలో మాత్రం బాగా తెలుస్తుంది. చొట్ట పడిన బిందెను చొట్ట గోడవైపు తిప్పి పెట్టడం నా మొదటి పాఠం. అన్నలిద్దరితో ఒకే గల్లాపెట్టె ముందు కూర్చోలేక, ఇనుప బీరువాలు అమ్మే పని పట్టుకుని తిరుగుతున్న రోజుల్లో కమలమ్మగారి అంగడికి వెళ్లాను. తుపాకులవాళ్లంటే మీసాల మనిషి ఉంటాడనుకున్నాను. అరవై దాటిన ఒక సన్నటి ఆవిడ, నూలు చీర, ముక్కు చివరికి జారిన కళ్లద్దాలు, పాత పంచె ముక్కతో తుపాకి గొట్టం తుడుస్తూ కనిపించింది. నా బీరువా గుణగణాలు నేను ఏకబిగిన వర్ణించాను. ఆవిడ తుడవడం ఆపకుండా అంతా విన్నది.

"తాళం ఎప్పటికి సడలుతాది?" అని అడిగింది.

"సడలదమ్మా."

"అన్ని తాళాలూ సడలుతాయి. అది నీకు తెలుసు, నాకు తెలుసు. మళ్ళ యాల చెప్తివి?" ఆవిడ కళ్లద్దాలు పైకి తోసుకుని నన్ను చూసింది: "నోరు బాగుండాది నీకు. దాన్ని మూసేది నేర్చుకొంటానంటే రేపు రా." బీరువా కొనలేదు. నన్ను కొన్నది. ఆ బేరంలో ఎవరు మోసపోయారో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

ఆవిడ పుట్టిల్లు గుడిబండ దగ్గర అర్చకుల ఇల్లు. పండుగనాడు దేవుడి నగల పెట్టె తెరిచేటప్పుడు ఆమె తండ్రీ ఊరి పెద్ద ఒకరూ ఎదురెదురుగా కూర్చునేవారట. ఒక్కొక్క నగా తీసి, ఇద్దరూ చూసి, దాని పేరు ఇద్దరూ పైకి చెప్పాలి. ఒక్కరు చెప్తే చెల్లదు. "మా నాయన కన్ను చెడ్డదని కాదు. ఒక మనిషి కన్ను తనకు కావలసిందే చూస్తాది. అందుకే రెండో మనిషి," అనేది కమలమ్మగారు. మామగారి కాలంనాటి తుపాకుల అంగడి, భర్త పోయిన తర్వాత లైసెన్సుతో సహా ఆవిడ చేతికి వచ్చింది. నగల పద్ధతినే ఆవిడ తుపాకులకు పెట్టింది. తుపాకి బల్ల మీదికి వచ్చినా, బల్ల దాటి పోయినా, ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ లోపలికి తొంగి చూడాలి. ఇద్దరూ గట్టిగా 'ఖాళీ' అనాలి. అడవిపందుల బెడదకు లైసెన్సు పెట్టుకున్న ముసలి రైతులు కూడా తీర్థానికి వంగినట్టు వంగి, చూసి, "ఖాళీ తల్లీ" అనేవారు. నాకు మాత్రం మొదట్లో ప్రాణం పోయినట్టుండేది. మా ఇంట్లో బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అంటారు. అంగడిలో కూర్చుని రోజుకు ఇన్నిసార్లు 'ఖాళీ' అని అరవడం చూస్తే మా నాయన నన్ను గంగలో ముంచి లేపేవాడు.

పాత తుపాకులు ఎంతోకొంత మాట్లాడతాయి. తూటాను కొట్టే సుత్తి వెనక్కి లాగి ఉంటే దూరం నుంచే కనిపిస్తుంది. రివాల్వరు పక్కనుంచి చూసినా గుండ్ల అంచులు తెలుస్తాయి. ఆ తరవాత పాలిమర్ పిస్టళ్లు వచ్చాయి. పైన జరిగే స్లైడూ గొట్టమూ ఉక్కువే, చేత్తో పట్టుకునే ఒళ్లు మాత్రం పాలిమర్. మేము పాలిమర్ అని ఎంత నొక్కి చెప్పినా జనానికి అది ప్లాస్టికే. బట్లహళ్ళి పెద్దాయన ఒకాయన దాన్ని అరచేతిలో ఎగరేసినట్టు తూచి, "నీళ్ళు పోస్తే ఈ కొసన చిమ్ముతాదా అప్పా?" అని అడిగాడు. నాకు మాత్రం అది స్వర్గం. ఒకే రకంలో పెద్దది, నడిమిది, చొక్కా కింద దోపితే కనిపించని చిన్నది. నలుపు, ఇసుక రంగు, మిలిటరీ ఆకుపచ్చ. పైగా పిడి వెనక తగిలించుకోడానికి మూడు సైజుల ప్లాస్టిక్ ముక్కలు, చెప్పుల అంగట్లో నంబర్ల లెక్కన, ఎవరి అరచేతికి తగ్గది వాళ్లకు. ఎంచుకోడానికి ఇన్ని ఉంటే కొనేవాడు వద్దనడం మరిచిపోతాడు. ఇది మా వీధి శాస్త్రం.

కమలమ్మగారికి అవి నచ్చలేదు. చెడ్డ వస్తువని కాదు. "మంచిదే. మూగది," అనేది. సుత్తి బయటికి కనిపించదు. పక్కన మీట ఉండదు, ట్రిగ్గరు మధ్యలో ఉన్న చిన్న నాలుకే దాని కాపలా. పిడిలో దూర్చే తూటాల డబ్బాను, అంటే మ్యాగజైనును, పీకితే చేతికి తేలికవుతుంది, ఖాళీ అయిపోయిందనిపిస్తుంది. లోపల గొట్టం మొదట్లో, చేంబరులో, ఒక తూటా మిగిలే ఉండవచ్చు. దానికి బయట గుర్తు ఉన్నా ఆవగింజంత. పైగా కొన్ని రకాలను శుభ్రం చెయ్యడానికి విప్పాలంటే ముందు ట్రిగ్గరు నొక్కాలి. చూడకుండా విప్పేవాడు పేల్చి విప్పుతాడన్నమాట. "అది చెప్పదు. మనమే చెప్పాల," అని ఆవిడ 'ఖాళీ'ని ఇంకా గట్టిగా పలికించేది.

చింతామణి నుంచి మునిరాజప్ప వచ్చింది ఆ రోజుల్లోనే. మామిడితోటలు కొని, గీతలు గీసి, ఇళ్ల సైట్లుగా అమ్మే మనిషి. ప్రాణభయం ఉందని లైసెన్సు తెచ్చుకున్నాడు. ప్రాణభయం ఉన్న మనిషి అంతగా నవ్వడం నేను ఎక్కడా చూడలేదు. ఇసుక రంగుది, నడిమి సైజుది కావాలన్నాడు. మునక్కాయల్లాంటి వేళ్లు ఆయనవి. పిడికి అన్నిటికన్నా పెద్ద ముక్క తగిలించి ఇచ్చాను. స్పాంజిలో మిగిలిన రెండు ముక్కలను వేలితో పొడిచి, "ఇవి ఎవురికప్పా?" అన్నాడు.

"చెయ్యి చిన్నగా ఉండేవాళ్లకు సార్."

"అట్లంటే మా ఇంట్లో అందరికీ సరిపోతాదను."

నా పెదవుల మీద అప్పటికే అంగడి నవ్వు పరుచుకుంది. వెనకనుంచి కమలమ్మగారి గొంతు వచ్చింది. "లైసెన్సు ఎన్ని చేతులకు ఇచ్చినారప్పా నీకు?"

"మాటకు అంటిలేమ్మా."

"మాటకు అన్నేవన్నీ ఒక దినం చేతికి వస్తాయి. లోపల చూడు. చూసి చెప్పు." ఆయన చూశాడు. పౌరాణిక నాటకంలో పద్యం ఎత్తుకున్నట్టు "ఖాళీ" అని రాగం తీశాడు. అంగడిలో ఉన్నవాళ్లంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన కారెక్కాక ఆవిడ నావైపు తిరిగి, "సరిపోతాదని చెప్పేకి నోరు తెరిచింటివి గదా. ఆ మాట అట్లే మింగు," అన్నది. మింగాను.

మా దిక్కు ఎన్నికలను చునావణె అంటారు. చునావణె వస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీసు ఠాణెలోనో, మాలాంటి అంగడిలోనో దించాలని ఆదేశం వస్తుంది. అప్పుడు మా అంగడి హాస్టలులా తయారయ్యేది. కొన్ని తుపాకులు దసరా కుంకుమ బొట్టుతోనే వచ్చేవి. మునిరాజప్ప కూడా వచ్చాడు. పెట్టెను ఆయన డ్రైవరు నారాయణప్ప, బట్లహళ్ళి మనిషి, ఉత్సవ విగ్రహంలా రెండు చేతులా మోసుకొచ్చి బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయాడు. కమలమ్మగారు స్లైడు లాగింది, ఇద్దరూ చూశారు, ఇద్దరూ ఖాళీ అన్నారు. అప్పుడు ఆవిడ బొటనవేలు పిడి వెనక ఆగిపోయింది.

"నీ చెయ్యి చూపియ్యప్పా."

"ఏమమ్మా, జాతకమా?"

ఆవిడ ఆయన చేతిని పిడి పక్కన పెట్టి చూసింది. పిడికి ఉన్నది అన్నిటికన్నా చిన్న ముక్క. "ఇది నీ చేతిది కాదు. ఎవురిది?"

దాచుకునే మనిషైతే నాకింత కోపం ఉండేది కాదు. ఆయన గర్వంగా ఫోను తీశాడు. పదో తరగతి చదివే కూతురు సింధు, తోటలో, టెంకాయ చిప్పలు వరసగా పెట్టి కాలుస్తోంది. వెనక ఎవరో చప్పట్లు కొడుతున్నారు. "సింహం పిల్లమ్మా. ఇంట్లో మొగపిల్లోడు లేడని ఎవురన్నా అంటే ఇదే చూపిస్తా." ఆవిడ రసీదు పుస్తకం ముందుకు లాక్కున్నది. రసీదు రాసి ఇచ్చి పంపేసింది. ఆ తరవాత పిడి వెనక ముక్కను ఊడదీసి, చాలాసేపు అరచేతిలో పెట్టుకుని చూసింది. చింతకాయంత ముక్క. "ఇది ఆ ఇంటికి తిరిగి పోకూడదు. పోతే ఎవురికో ఒకరికి తగులుతాది," అన్నది. ఆ రోజు నుంచి మా అంగడికి అదొక్కటే పని.

ఆవిడ కన్నడంలో అర్జి రాసింది. దాన్ని పట్టుకుని నేను ఒక సర్కారు కచేరికి వెళ్లాను. బల్ల వెనక ఉన్నాయన చదివి, "సాక్ష్యం ఏముండాది?" అని అడిగాడు. ప్లాస్టిక్ ముక్కను బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ఫ్యానుగాలికి ఎగురుతున్న కాగితాల మీద బరువుగా పెట్టబోయాడు. అది తేలిక, ఆగలేదు. "వీడియో ఉండాదంటివే, నీ ఫోనులో ఉండాదా?"

"ఆయన ఫోనులో ఉండాది సార్."

"మళ్ళ నా దగ్గరికి యాల వస్తివి? ఆయన్నే అడుగు."

ఎన్నికలు అయిపోయాయి. అందరూ తమ తమ తుపాకులు తీసుకుపోయారు. మునిరాజప్ప వచ్చిన మొదటిసారి అమావాస్య అన్నాము. రెండోసారి స్ప్రింగు చూడాలన్నాము. ఇంకోసారి బీరువా తాళంచెవి అమ్మగారి చెల్లెలి దగ్గర సోమేనహళ్ళిలో ఉండిపోయిందన్నాను. చందాలవాళ్లను తిప్పి పంపడానికి మా నాయన వాడిన యుక్తులన్నీ ఖర్చుపెట్టాను. ఇంత గొప్పగా నేను సరుకు అమ్మి కూడా ఎరగను. చివరికి ఆయన తుపాకులు తిరిగి ఇచ్చేయమన్న ఆదేశం కాపీ తెచ్చి బల్ల మీద కొట్టాడు. "నా సొత్తు నాకియ్యకుండా ఆపేకి మీరెవురమ్మా?"

చట్టం ఆయనవైపే ఉంది. అది ఆవిడకూ తెలుసు. "ఇస్తా. నీ కూతుర్ని ఒకసారి తీసుకొని రా. దాని ఎదురుగానే ఇస్తా," అన్నది. ఆయనకు అది మర్యాదలా తోచినట్టుంది. ఆ ఆదివారమే తీసుకొచ్చాడు.

రెండు జడలు, నోట్లో చూయింగ్ గమ్, చూపులో బెదురు లేదు. కమలమ్మగారు పిస్టల్ బల్ల మీద పెట్టి, "దీన్ని ఖాళీ చేసి చూపియ్యి తల్లీ," అన్నది. సింధు ఒక్క క్షణంలో మ్యాగజైను పీకి పక్కన పెట్టింది. "ఖాళీ అవ్వా." కమలమ్మగారు స్లైడు లాగింది. లోపల ఆవిడ ముందే పెట్టి ఉంచిన డమ్మీ తూటా ఎగిరి అద్దానికి తగిలి, దొర్లి, ఆ పిల్ల చెప్పుల దగ్గర ఆగింది. పిల్ల నమలడం ఆపేసింది. మునిరాజప్ప పగలబడి నవ్వాడు. "డమ్మీ గదమ్మా, పిల్లను బెదిరించేకి పెట్టినారు."

పిల్ల నవ్వలేదు. వంగి తూటా తీసి బల్ల మీద పెట్టి, "ఇంకోసారి చేస్తా అవ్వా," అన్నది. చేసింది. మళ్లీ చేసింది. మ్యాగజైను పీకాలి, స్లైడు లాగి పట్టుకోవాలి, కంటితో చూడాలి, పక్కనున్న మనిషికి చూపించాలి, ఇద్దరూ చెప్పాలి. రెండో మనిషిగా నన్ను నిలబెట్టారు. ఆ పిల్ల నాకంటే గట్టిగా 'ఖాళీ' అన్నది. కమలమ్మగారి మొహం అంత వెలగడం నేను అదే చూడటం. "దీనికి బుద్ధి ఉండాది," అన్నది. తరవాత పిల్ల గడ్డం పట్టుకుని, "నువ్వు ఇంక దీన్ని ముట్టొద్దు. లైసెన్సు నీది కాదు. ఎవురు ముట్టినా ఈ మాట మాత్రం చెప్పించు," అన్నది. పిల్ల తల ఊపింది.

పెద్ద ముక్క తగిలించి పిస్టల్‌ను ఆవిడ మునిరాజప్ప ముందు పెట్టింది. "నువ్వు చూడప్పా."

"నాకు తెలుసులేమ్మా. పాపకు నేర్పించినారు గదా," అంటూ ఆయన దాన్ని తీసి నడుముకు దోపుకున్నాడు. తొంగి చూడలేదు. ఖాళీ అనలేదు. పిల్ల దొరికిన సంతోషంలో ఆవిడ పోనిచ్చింది. నేను అక్కడున్నన్నాళ్లలో ఆ మాట అనకుండా బల్ల దాటిన తుపాకి అదొక్కటే. చిన్న ముక్క మాత్రం ఆవిడ ఎడమ పిడికిట్లోనే ఉండిపోయింది.

ఆయుధపూజకు మా దగ్గర కత్తెరకూ త్రాసుకూ కూడా బొట్టు పెడతారు. కార్లు కడుగుతారు, దండలు వేస్తారు, గుమ్మడికాయ కొడతారు. పండుగ దాటిన వారంలో సింధు ఒక్కతే చింతామణి నుంచి బస్సులో వచ్చింది. స్కూలు బట్టల్లోనే ఉంది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"పూజకు పెట్టేముందర తుడస్తానని నాయన వాకిట్లో కూర్చొనిండె అవ్వా. నారాయణన్న ఎదురుగా కారు కడగతాండె. నాయన మ్యాగజైను పీకినాడు. ఆగు నాయనా, ఇద్దరం చూడాల అంటి. నాకు తెలుసులే, నువ్వు నాకు నేర్పిస్తావా అని నవ్వినాడు. నవ్వతానే నొక్కినాడు."

కమలమ్మగారు స్టూలు మీద కూర్చుండిపోయింది.

"నారాయణన్న తొడలోకి పోయినాది. ఆయన చేతిలో నీళ్ళ పైపు ఉండె. దాన్ని వదల్లా. ఎర్రనీళ్ళు గేటు దాకా పారె." పిల్ల ఏడవలేదు. "ఇనుప చువ్వ దిగినాదని ఆసుపత్రిలో రాయించినారు. నన్నూ అదే చెప్పమన్నారు. నేను చెప్పితి అవ్వా నాయనకు. వినలా."

"నువ్వు చెప్పినావు తల్లీ," అన్నది కమలమ్మగారు. "చెప్పించనిది నేను. నీ చిన్న చెయ్యి చూసి భయపడితి. ఆ పెద్ద చెయ్యిని చూడకనే వదిలేస్తి." పిల్లకు మంచినీళ్లు ఇచ్చి, బస్సు ఎక్కించి రమ్మని నన్ను పంపింది. నేను తిరిగి వచ్చేసరికి రెండో అర్జి మొదలుపెట్టి ఉంది. అందులో పిల్ల పేరు రాయలేదు. "అది ఆ ఇంట్లోనే తినాల, ఆ ఇంట్లోనే పండుకోవాల," అన్నది. పేరు రాయకపోతే సాక్షి లేడు. మిగిలింది నారాయణప్ప.

నేను బట్లహళ్ళి వెళ్లాను. మంచం మీద కాలు చాచుకుని గోడవైపు చూస్తూ ఉన్నాడు. తలకాయ నొప్పితో పడుకున్నవాణ్ణి పలకరించినట్టు పలకరించి, మెల్లగా విషయంలోకి దించాను. బేరం నా విద్య కదా. ఆయన నా బుట్టలో పడలేదు. "చువ్వేనప్పా," అన్నాడు. "పెద్దోళ్ళ ఇంట్లో పని, ఉన్నంతకాలం ఉండమన్నారు. నాకు ఈ కాలితో ఇంక యాడ పని ఇస్తారు చెప్పు?" లోపల ఆయన భార్య కాఫీ కలుపుతూ ముక్కు చీదుతోంది. కాఫీ తాగి వచ్చేశాను. ఇంతవరకు నా నోటికి లొంగని గిరాకీలు చాలామందే ఉన్నారు. నేను మాట్లాడటానికే సిగ్గుపడింది ఆ ఒక్క ఇంట్లో.

రెండో అర్జి కట్టుకథ అయిపోయింది. మునిరాజప్ప పెట్టిన ఫిర్యాదు మాత్రం అక్షరాలా నిజం. ఆదేశం వచ్చాక కూడా ఆయన ఆయుధాన్ని ఆవిడ ఆపింది. అందులో ఒక భాగాన్ని తన దగ్గరే ఉంచుకుంది. కాదనడానికి లేదు. ముక్క ఇచ్చేసి, తప్పయిందని ఒక మాట రాసిస్తే సరిపోతుందని తెలిసినవాళ్లందరూ చెప్పారు. నేనూ చెప్పాను, చెప్పకేం. చింతకాయంత ప్లాస్టిక్కుకు అంగడిని పణం పెట్టే బేరం మా వంశంలో ఎవరూ చెయ్యలేదు. పైగా అప్పటికే ఆయన కొత్త ముక్కను కొరియర్లో తెప్పించుకున్నాడు.

"తెలుసు," అన్నదావిడ. "తెప్పించుకోనీ. నా చేత్తో మాత్రం ఇయ్యను."

గడువు తీరాక అంగడి లైసెన్సును మళ్లీ రాసివ్వలేదు. సరుకంతా వేరే అంగడికి పంపేయాల్సి వచ్చింది. ఆ రోజు ఆవిడ ఒక్కొక్క తుపాకీ తుడిచి బల్ల మీద పెట్టింది. నేను చూశాను, ఆవిడ చూసింది, ఇద్దరం ఖాళీ అన్నాము. వ్యాను వెళ్లిపోయాక ఆవిడ బీరువా తలుపులు రెండూ తెరిచి లోపలికి చూసింది. అలవాటు కొద్దీ నావైపు తిరిగింది. నేను ఖాళీ అరలకేసే చూస్తూ నిలబడ్డాను. "చెప్పప్పా," అన్నది. చెప్పాను. ఆవిడా చెప్పింది. తరవాత కొంగు ముడి విప్పి ఆ ముక్క నా అరచేతిలో పెట్టింది. "నీ చేతికి సరిపోతాదేమో చూడు."

"సరిపోదమ్మా."

"అయితే నీ దగ్గరే ఉండనీ."

కిందటేడు సోమేనహళ్ళిలో, చెల్లెలి ఇంట్లో, కమలమ్మగారు పోయారు. పన్నెండోనాటి సమారాధనకు మునిరాజప్ప వచ్చాడు. ఆవిడ ఫోటోకంటే పెద్ద దండ తెచ్చాడు. దాన్ని కారు నుంచి మోసుకొచ్చింది నారాయణప్ప, ఒక కాలు ఈడ్చుకుంటూ. నన్ను చూసి చూపు దించుకున్నాడు. సింధు రాలేదు. బెంగళూరులో చదువుతోందట, దసరాకు ఇంటికి రాదట. ఆ మాట ఆయనే నవ్వుతూ చెప్పాడు, ఈ కాలం పిల్లలంతే అన్నట్టు. ఫోటో ముందు చేతులు జోడించి, "తాయి, కన్నతల్లి లెక్క ఉండె నాకు. శిస్తు, క్రమశిక్షణ అంటే ఆమెదే," అని అందరికీ వినిపించేటట్టు అన్నాడు. విస్తళ్లు వేసేలోగా నన్ను పక్కకు పిలిచి చొక్కా అంచు ఎత్తాడు.

"నీకు తెలుసు గదప్పా ఇవన్నీ. మునుపటిదానికన్నా చిన్నది. నడుముకు ఉండేదే తెలీదు."

నలుపు. చావు ఇంట్లో, పెద్దల మధ్య, అన్నం వడ్డించబోతుండగా. "లోపల చూసినారా సార్?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన నా భుజం తట్టాడు. "తెలుసులే," అన్నాడు.

ఆ విస్తరి ముందు కూర్చుని నేను ఎన్ని మాటలు పేర్చుకున్నానో లెక్కలేదు. ఒక్కటీ అనలేదు. అనకపోగా పాయసం రెండోసారి వేయించుకున్నాను. అంగడివాడి కోపం అంతే, కడుపును నొప్పించదు. కాని అది అరగలేదు. ఇప్పటికీ అరగలేదు. చిన్న చేతిలో ఏదైనా కనిపిస్తే ఊరంతా పరుగెత్తుకొచ్చి లాక్కుంటుంది. పెద్ద చేతికి దండం పెట్టి దారి ఇస్తుంది. ఆ చేతికి అన్నీ తెలుసని అందరికీ నమ్మకం. తూటా తగిలినవాడే చువ్వ అని చెప్పేటంత నమ్మకం.

నా గల్లాపెట్టె పక్క అరలో ఆ ముక్క ఇప్పటికీ ఉంది, ఇసుక రంగుది. నిన్న కాంట్రాక్టరు ముందు కటింగు మిషను బయటికి తీసి, బ్యాటరీ పీకి పక్కన పెట్టి, పిడి అడుగును ఆయనవైపు తిప్పాను. "చూడండి సార్. నేనూ చూస్తా. ఇద్దరం ఖాళీ అనాల. బ్లేడు మార్చేటప్పుడల్లా మీ కూలోళ్లతోనూ అనిపించాల."

"ఇదేమప్పా, మిషను అమ్ముతాండావా, మంత్రం చెప్తాండావా?"

"రెండూ ఒకటే ధర సార్."

ఆయన నవ్వాడు. మంచి గిరాకీ. ఇంకా నాలుగు మిషన్లు కావాలని వచ్చినప్పుడే చెప్పాడు. ఎదురంగడివాడు గుమ్మంలోకి వచ్చి మా వైపే చూస్తున్నాడు. వాడి దగ్గర ఇదే మిషను, ఇదే పెట్టె, మంత్రం లేదు. కాంట్రాక్టరు చెయ్యి చాపాడు. పెద్ద చెయ్యి, సిమెంటు పగుళ్లతో.

"నాకు తెలుసులేప్పా. ఇట్లియ్యి," అన్నాడు.

నేను మిషనును స్పాంజిలో పెట్టి, మూత మూసి, రెండు గొళ్లేలూ వేసి, పెట్టెను నావైపుకు లాక్కున్నాను.